చుట్టి పెట్టిన ఎర్రజెండా

వెంకటస్వామి కొత్త వైరు చుట్ట భుజాన వేసుకుని తిరిగొచ్చేసరికి, ఆయన వాయిదాల మీద అమ్మిన ఇంటి సంపులో ఆ ఇల్లు కొన్న కుర్రాడు బోర్లా తేలుతున్నాడు.

ఆయన కేకలు వేయలేదు. ముందు మెట్ల కిందున్న మెయిన్ స్విచ్ వైపు చూశాడు. పిడి పైకి ఉంది, అంటే కరెంటు వస్తోంది. దాన్ని కిందికి లాగి, ఆ తర్వాతే పక్కింటివాళ్లను పిలిచాడు. నలుగురూ కలిసి కిరణ్‌ను బయటికి తీశారు. ప్రాణం లేదు. పోలీసులు వచ్చాక ముసలాయన ఒకే మాట చెప్పాడు.

"మెయిన్ దించడం నానే మర్సిపోనాను."

అది ఆదివారం మధ్యాహ్నం. సోమవారం పొద్దున్నే ఆయన్ని అరెస్టు చేశారు. మంగళవారం కోర్టుకు తీసుకెళతారు. మధ్యలో మిగిలిన ఆ ఒక్క పగటిలో ఏదైనా చేయాలని ఆయన కొడుకు గిరిధర్, ప్రైవేటు డిటెక్టివ్ మహేశ్వరి కారులో ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు.

మహేశ్వరి రైల్వే రక్షణ దళంలో చాలాకాలం పనిచేసి, తనకంటే చిన్నవాళ్లకు సెల్యూట్ కొట్టే రోజు వచ్చేసరికి ఉద్యోగం మానేసిన మనిషి. ఆ హిందీ ఊళ్లో, రైల్వే వ్యాగన్ వర్క్‌షాపు పక్కనున్న డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఆమెకు తెలియని తెలుగు ఇల్లు లేదు.

"మూడేళ్ల కింద అమ్మాం మేడమ్," అన్నాడు గిరిధర్. "కిరణ్ ధర్సీవాలో రోలింగ్ మిల్లు సూపర్‌వైజరు. జీతం సగం కాగితం మీద కనబడదు, అందుకని బ్యాంకు లోన్ ఇవ్వలేదు. నాన్న ఏమన్నాడంటే, మనోడే కదా, నెలనెలా కిస్తు ఇస్తాడులే అన్నాడు. ఆఖరి కిస్తు అయ్యాక రిజిస్ట్రీ. అప్పటిదాకా మకాన్ నాన్న పేరునే."

"అంటే మీరు అమ్మారు గానీ అమ్మలేదు."

"అదే కదా మేడమ్ గడ్‌బడ్. కుళాయి కారితే ఫోను. గోడకి చెమ్మ పడితే ఫోను. ఇల్లు మీ పేరునే ఉంది కదా బాబాయ్ అంటాడు వాడు. వర్క్‌షాపులో మిస్త్రీగా రిటైరైన మనిషి కదా, ఈయన పనిముట్ల సంచీ పట్టుకుని బయల్దేరతాడు. కిరాయికి ఇచ్చినా ఇంత సేవ చేయక్కర్లేదని నేను చెబుతూనే ఉన్నా. నిన్న కూడా అంతే. సంపులో మోటారు తిరగట్లేదని పిలిచాడు. ఈయన వెళ్లి వైరు విప్పి, అది కాలిపోయిందని కొత్తది తేవడానికి బజారుకెళ్లాడు. నీళ్లు తక్కువున్నాయి కదా, ఈలోపు బురద తీసేద్దామని కిరణ్ దిగాడు."

"నువ్వు ఎక్కడున్నావు?"

గిరిధర్ కిటికీ లోంచి బయటికి చూశాడు.

"వర్క్‌షాపు ఆఫీసులో గుమస్తావి. ఆదివారం సెలవు," అంది మహేశ్వరి. "నాకు చెప్పకపోతే పోలీసు టీఐకి చెబుతావు."

"మోవాలో, ఆ ఇంటి వీధి మలుపులో చాయ్ దుకాణం దగ్గర. కిస్తు లేటు చేశాడు, ఝగడా పెట్టుకుందామనే వెళ్లాను. ఇంటి ముందు నాన్న స్కూటర్ కనబడింది. ఆయన ముందు ఏం అరుస్తాను. చాయ్ తాగి వెనక్కి వచ్చేశా. కసమ్ సే మేడమ్, ఒట్టు."

"మీ నాన్న నిన్ను చూశాడా?"

"బజారుకెళుతూ నా బండి చూశాడేమో. తెలీదు."

మహేశ్వరి కారును పోలీస్ స్టేషన్ వైపు తీసింది.

* * *

స్టేషన్‌లో టీఐ, అంటే ఇన్‌స్పెక్టరు, దేవాంగన్ ఆమెకు కుర్చీ చూపించి, చాయ్ చెప్పి, ఆ తర్వాత హిందీలో మొదలుపెట్టాడు. మర్యాద తక్కువ మనిషి కాదు. తాను పొరబడవచ్చని ఊహించలేని మనిషి.

"రైల్వేవాళ్లు టికెట్ లేనివాణ్ణి పట్టుకోవాలి మేడమ్. హత్యలు మాకు వదిలేయండి."

"టికెట్ లేనివాడు కూడా ముందు అబద్ధమే చెబుతాడు సాబ్. ఆ అభ్యాసం పనికొస్తుంది. హత్య అని ఎందుకంటున్నారు? ఆయన మరిచిపోయానని ఒప్పుకున్నాడు కదా."

"అందుకే అంటున్నా. నిర్లక్ష్యమైతే రెండేళ్లు. హత్య అయితే జీవితమంతా. తెలివైనవాడు చిన్నది ఒప్పుకుంటాడు." దేవాంగన్ ఒప్పంద పత్రం నకలు ఆమె ముందుకు జరిపాడు. "రెండు కిస్తులు తప్పితే బేరం రద్దు. ఇల్లు వెనక్కి. కట్టింది తిరిగి ఇవ్వక్కర్లేదు. మోవాలో ధరలు ఇప్పుడు ఎక్కడున్నాయో మీకు తెలుసు. కొన్నవాడు పోతే కిస్తులు ఆగుతాయి, కిస్తులు ఆగితే ఇల్లు తిరిగొస్తుంది. స్విచ్ ఆయనది, వైరు ఆయన విప్పింది, కాగితం మీద ఇల్లూ ఆయనదే. ఇంకెవరి దగ్గరికి వెళ్లమంటారు నన్ను?"

"ఇంటి దగ్గరికి. నేనూ వస్తాను."

* * *

ఇంటి పక్క సందులోకి ఎవరైనా గేటు తీసుకుని నేరుగా రావచ్చు. మెట్ల కింద పాతకాలపు ఇనుప మెయిన్ స్విచ్, దాని పైన మీటరు పెట్టె. అక్కడి నుంచి సంపు మూడు నాలుగు అడుగులు. మూత ఇంకా తెరిచే ఉంది. అడుగున మోకాలి లోతు నీళ్లు. విప్పిన వైరు కొసలు ఆ నీళ్లలోనే పడి ఉన్నాయి.

మహేశ్వరి సంపును ఒకసారే చూసింది. మీటరు పెట్టె మీద ఉన్న వస్తువును చాలాసేపు చూసింది.

"ఇది ఏమిటి సాబ్?"

"మాతాజీ జెండా అయి ఉంటుంది. పూజ సామాను. మావాళ్లు ముట్టుకోలేదు."

అది పూజ సామాను కాదు. పొట్టి కర్రకు బిగుతుగా చుట్టిన ఎర్రగుడ్డ. రైల్వే జెండా. మీటరు పెట్టె మీద నెలల నాటి దుమ్ము ఉంది. జెండా మీద లేదు. మహేశ్వరి రుమాలుతో కర్ర కొసలు పట్టుకుని తిప్పింది. మధ్యలో కర్ర చెక్కుకుపోయి, పచ్చిగీత మీద బూడిదరంగు పెయింటు అంటుకుని ఉంది. మెయిన్ స్విచ్ పిడి లోపలి వైపు, అదే ఎత్తులో, బూడిదరంగు లేచిపోయి ఇనుము కనబడుతోంది.

"మనిషి పని చేస్తున్నాడు, ముట్టుకోవద్దు. దానికి వర్క్‌షాపులో ఎర్రజెండా పెడతారు," అంది ఆమె. "వెంకటస్వామి పిడి దించాడు. దాని వెనక కర్ర దూర్చాడు. ఇప్పుడు ఎత్తి చూడండి." ఆమె పక్కనున్న చీపురుపుల్లల కట్టను కర్ర ఉండాల్సిన చోట దూర్చింది. దేవాంగన్ పిడి పట్టుకుని ఎత్తాడు. కదల్లేదు. మళ్లీ ఎత్తాడు. కదల్లేదు.

"ఆయన మరిచిపోలేదు. అబద్ధం చెప్పాడు," అంది మహేశ్వరి.

దేవాంగన్ చేతులు దులుపుకున్నాడు. నవ్వాడు.

"మంచిది. దించినట్టు మీరే రుజువు చేశారు. దించినవాడే తిరిగొచ్చి ఎత్తాడు. నిర్లక్ష్యం పోయింది, హత్య మిగిలింది. మీ ఫీజు గిరిధర్ ఇస్తాడా, నేనివ్వాలా?"

కానిస్టేబుల్ కూడా నవ్వాడు. మహేశ్వరి ఆ జెండాను జప్తు జాబితాలో రాయించి, సంతకం పెట్టించుకుని, ఇంట్లోకి వెళ్లింది.

కిరణ్ భార్య వీణ భిలాయిలో పుట్టింటి నుంచి ఆదివారం సాయంత్రం వచ్చింది. ముందుగదిలో చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఏడుపు అయిపోయి, మళ్లీ మొదలుకాని మధ్య సమయంలో ఉంది.

"ఇప్పుడు ఈ ఇల్లు ఎవరిది మేడమ్? ముందు అది చెప్పండి. అందరూ వస్తున్నారు, అది మాత్రం ఎవరూ చెప్పట్లేదు."

"మీది కాదని ఎవరైనా అన్నారా?"

"పోయినవారం ఒకాయన టేపు పట్టుకొచ్చాడు. గోడలు కొలిచాడు. ఎవరండీ అంటే, ఈ ఇల్లు నేను కొన్నాను, రిజిస్ట్రీ కూడా అయిపోయింది అన్నాడు. ధర్సీవా ఆయన, స్క్రాప్ వ్యాపారం. కిరణ్ వాడి కాలర్ పట్టుకోబోయాడు. తర్వాత కాగితాలు చూసి చల్లబడిపోయాడు."

"వెంకటస్వామి గారిని అడగలేదా?"

"ఆదివారం దాకా ఆగు అన్నాడు కిరణ్ నాతో. ఎవరికో ఆదివారం వరకు టైం ఇచ్చాడు. ఆలోపు సర్దుబాటు చేయకపోతే బాబాయ్‌కి చెప్పేస్తానన్నాడు. ఎవరికో నాకు చెప్పలేదు. పెద్దమనిషి పరువు పోతుంది అన్నాడు." ఆమె ఫోను తీసి ఒక నంబరు చూపించింది. "ఆ టేపు ఆయనది ఇదే."

మహేశ్వరి వరండాలోకి వెళ్లి ఫోను చేసింది. ధర్సీవా వ్యాపారి భయపడి అన్నీ ఒకేసారి చెప్పాడు. ఇల్లు వెంకటస్వామి పేరునే ఉంది, పన్ను రశీదూ ఆయన పేరునే ఉంది, తాను అన్నీ చూసుకునే కొన్నాడు. అమ్మింది మాత్రం వెంకటస్వామి కాదు. ఆయన పవరాఫ్ అటార్నీ ఉన్న మనిషి.

* * *

లాకప్‌లో వెంకటస్వామి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. మహేశ్వరి ఊచల ఇవతల నేల మీదే కూర్చుంది.

"మెయిన్ దించావు. జెండా పెట్టావు. నాకు తెలుసు, టీఐకీ తెలుసు. ఇప్పుడు నీ మీద హత్య కేసు."

"అవనీ అమ్మా. నాకేటి, అరవై ఆరేళ్లు."

"గిరిధర్ బండి మోవా మలుపులో చూశావు."

ముసలాయన తల వంచుకున్నాడు. "ఆడు కోపిష్టోడు గానీ సెడ్డోడు కాదు."

"తిరిగొచ్చాక జెండా ఎక్కడ కనబడింది?"

"మీటరు పెట్టి మీద."

"ఎలా ఉంది?"

"సుట్టి ఉంది."

"నువ్వు పని అయ్యాక జెండాని ఏం చేస్తావు?"

"ఏటి సేత్తాను, సంచిలో కుక్కేత్తాను. వర్క్‌షాపులో మావందరం అంతే. సుట్టీది యార్డువోల్లు. ఆల్లకి సంకలో ఎట్టుకుని తిరగాల కదా, అందుకని..."

ఆయన గోడవైపు నుంచి ఊచల వైపు తిరిగాడు.

"గిరిధర్‌కి అలా చుట్టడం వచ్చా?" అంది మహేశ్వరి.

"ఆడికి గొడుగు ముడవడమే రాదు," అన్నాడు వెంకటస్వామి మెల్లిగా. ఆమె వచ్చాక మొదటిసారి ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. కొడుకు బతికిపోయాడన్న వెలుగు ఆ కళ్లలో వచ్చింది. వెంటనే ఇంకేదో అర్థమై అది ఆరిపోయింది.

"ఇల్లు రిజిస్టరు చేయడానికి పవర్ ఎవరికి ఇచ్చావు మిస్త్రీ గారూ?"

"రిజిస్ట్రీ కచేరీలో అంతా హిందీ. గంటలు గంటలు నిలబెడతారు. నా కాల్లు సూడు ఎలగున్నాయో. ఆకరి కిస్తు అయ్యాక నా బదులు ఎల్లి సంతకం ఎడతాడని... ఆడే కదమ్మా ఈ బేరం కుదిర్సింది. పొద్దున్న నుంచి నన్ను బయటికి తేడానికి జమానతు కోసం ఆడే తిరుగుతన్నాడు. సత్తిరాజు."

సత్తిరాజు రైల్వే యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేరి అక్కడే రిటైరైన మనిషి. కాలనీలో పెళ్లి కుదర్చాలన్నా, ఇల్లు అమ్మాలన్నా, గొడవ సర్దాలన్నా ఆయనే.

* * *

మహేశ్వరి చెప్పింది విని దేవాంగన్ పెదవి విరిచాడు.

"దొంగ అమ్మకం ఒప్పుకుంటా. చీటింగ్ కేసు పెడతా. కానీ నిన్న ఆ మనిషి అక్కడ ఉన్నాడని ఎవరు చూశారు? జెండా చుట్టిన తీరు చూసి జడ్జి ఉరి వేస్తాడా?"

"వేయడు. జప్తు చేసిన జెండా మీ సొరుగులో ఉంచండి. నాకు ఇంకోటి ఇప్పించండి, విప్పి ఉన్నది. ఆయన వస్తే మీరు జమానతు సంగతే మాట్లాడండి. చేతులు మాత్రం చూడండి."

"మంత్రమా?"

"అలవాటు."

రైల్వే స్టేషన్ నుంచి జెండా తెప్పించడానికి అరగంట పట్టింది. దేవాంగన్ గదిలో, గోడ పక్క బెంచీ మీద దాన్ని పరిచి ఉంచారు. వెంకటస్వామిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టారు. గిరిధర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

సత్తిరాజు ఒక చేతిలో టిఫిన్ క్యారియర్, ఇంకో చేతిలో జమానతు కాగితాలతో వచ్చాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి.

"మిస్త్రీ గారికి మజ్జిగన్నం తెచ్చానండి. పొద్దున్నించీ ఏం తిన్లేదంట. నమస్తే సాబ్. ఏవమ్మా మహేశ్వరీ, బావున్నావా. నువ్వుంటే మాకు ధైర్యవే."

"కూర్చోండి బాబాయ్."

క్యారియర్ బల్ల మీద పెట్టాడు. బెంచీ మీద కూర్చోబోయి, జెండా కనబడి, తీసి పక్కన పెట్టబోయి, చేతిలోనే ఉంచుకుని కూర్చున్నాడు.

దేవాంగన్ జమానతు గురించి అడిగాడు. ఎవరు పూచీ, ఏ ఆస్తి మీద. సత్తిరాజు హిందీలో చకచకా చెబుతున్నాడు. తన ఇంటి కాగితాలే పెడతానన్నాడు. మిస్త్రీ గారు తనకు అన్నలాంటివాడన్నాడు. చెబుతున్నంతసేపూ ఆయన ఎడమచెయ్యి కర్రను పట్టుకుని ఉంది. కుడి అరచెయ్యి గుడ్డను నున్నగా దువ్వి, బిగించి, తిప్పింది. ఇంకోసారి తిప్పింది. ఆఖరి కొసను బొటనవేలితో లోపలి మడతలోకి నొక్కింది. ఆ తర్వాత జెండా తనంతట తానే వెళ్లినట్టు ఎడమ చంకలోకి వెళ్లింది.

అందరూ తన చంక వైపే చూస్తున్నారని ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

దేవాంగన్ సొరుగు తీశాడు. జప్తు చేసిన జెండాను బల్ల మీద పెట్టాడు. బిగువు అదే. కొస దూర్చిన చోటు అదే. మహేశ్వరి చెయ్యి చాపింది. సత్తిరాజు చంకలోని జెండా తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని మొదటిదాని పక్కన పెట్టింది.

"యార్డోళ్లందరూ ఇలాగే చుడతారండి," అన్నాడు సత్తిరాజు.

"నిజమే. వాళ్లలో ఈ ఇంటి పవర్ ఉన్నవాళ్లు ఎంతమంది?" అంది మహేశ్వరి. "ధర్సీవా ఆయన కాగితాలు తీసుకుని బయల్దేరాడు."

వెంకటస్వామి బల్ల మీదున్న క్యారియర్ వైపు చూస్తున్నాడు.

"రాజూ," అన్నాడు. "నాకు అన్నం తెచ్చినావురా?"

సత్తిరాజు ముఖం మీద అప్పటిదాకా ఉన్నదేదో జారిపోయింది. ఆయన హిందీలో గబగబా అందుకున్నాడు. "నేను వెళ్లిన మాట నిజం సాబ్. కిరణ్‌తో మాట్లాడటానికే వెళ్లా. ఎవరూ కనబడలేదు. కరెంటు లేదని చూసి స్విచ్ ఎత్తాను, అంతే. లోపల మనిషి ఉన్నాడని నాకు తెలీదు."

దేవాంగన్ వెనక్కి వాలాడు. "నిర్లక్ష్యం," అన్నాడు మహేశ్వరితో. "రెండేళ్లు."

"ఒక్క ప్రశ్న సాబ్." ఆమె సత్తిరాజు వైపు తిరిగింది. "జెండా చుట్టింది స్విచ్ ఎత్తక ముందా, ఎత్తిన తర్వాతా?"

సత్తిరాజు బల్ల మీది రెండు జెండాల వైపూ చూశాడు. వెంకటస్వామి వైపు తిరిగి కూర్చున్నాడు. తెలుగులో మొదలుపెట్టాడు.

"హిందీలో చెప్పు," అన్నాడు దేవాంగన్.

"మీకు తర్వాత చెబుతానండి. ముందు ఈయనకి తెలియాలి." ఆయన గొంతు మామూలుగానే ఉంది, కాలనీలో తగువు సర్దేటప్పుడు ఉన్నట్టే.

"మిస్త్రీ గారూ, మీ ఇల్లు కాజేద్దామని మొదలెట్టలేదండి. కిరణ్ ఆఖరి కిస్తు కట్టడానికి ఇంకా రెండేళ్లుంది. ఈలోపు మీరు దాని కాగితాలు అడగరు, వాడూ అడగడు. ఇల్లు ఎవరిదీ కాకుండా ఊరికే ఉన్నట్టు అనిపించిందండి నాకు. మా అల్లుడి లారీ బ్యాంకోళ్లు పట్టుకుపోయారు. ధర్సీవా ఆయనకి రాసిచ్చి, రెండేళ్లలో తిరిగి రాయించుకుందామనుకున్నా. ఆయన టేపు పట్టుకుని వెళ్లిపోతాడని నేననుకోలేదు.

"నిన్న గడువు అడుగుదామనే వెళ్లానండి. కిరణ్ సంపులో ఉన్నాడు. తల ఒక్కటే కనబడుతోంది. తట్టతో బురద ఎత్తి బయట పెడుతున్నాడు. బాబాయ్ వైరు తీసుకుని వచ్చేస్తాడు, రాగానే చెప్పేస్తాను, మీరు వెళ్లిపోండి, మీ ముందు చెప్పడం నాకు బావుండదు అన్నాడు. మర్యాదగానే అన్నాడండి. తిట్టినా బావుండేది.

"నేను వెళ్లిపోవడానికే తిరిగాను. మెట్ల కింద మీ జెండా కనబడింది. యార్డులో ఉన్నన్నాళ్లూ ఎర్రజెండా దాటి ఒక్క వ్యాగన్ కదల్చలేదండి నేను. దాని ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. అది అలా వేలాడుతుంటే చెయ్యి రాలేదు. అందుకని ముందు తీశాను. గుడ్డ దులిపాను. చుట్టాను. కొస లోపలికి దూర్చాను. నేల మీద పడేయకూడదు కదండీ, మీటరు పెట్టె మీద పెట్టాను. అప్పటికీ వాడు లోపలి నుంచి ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు.

"అప్పుడు ఎత్తానండి."